రామతీర్థంలో మూడు రామాయణాలు

ఇటలీ దేశంలో వెరోనా అని ఒక పాత నగరం వుంది. రోమియో జూలియట్ల కథ చదివినవాళ్ళు అక్కడికి వెళ్ళి, జూలియట్ ఇల్లని చెప్పే ఒక మేడముందు నిలబడి, ఆ బాల్కనీవంక చూసి కళ్ళు తుడుచుకుంటారు. షేక్స్పియరు నాటకం తొలిసారి అచ్చయింది 1597లో. బాల్కనీని ఆ ఇంటికి అమర్చింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో! కథ ముందు పుట్టింది. బాల్కనీ తరువాత వచ్చింది. ఇదంతా బూటకమని కొట్టిపారేసే పెద్దలున్నారు. నాకలా తోచదు. మనిషి తనకు ఇష్టమైన కథకు ఈ భూమిమీద ఒక చిరునామా వుండాలని కోరుకుంటాడు. మన తెలుగుదేశంలో మటుకు రాముడు కాలుపెట్టని కొండ, సీతమ్మ స్నానమాడని మడుగు ఎన్ని వున్నాయి చెప్పండి?

అటువంటి చిరునామాలలో రామతీర్థం ఒకటి. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో వున్న పల్లె. ఊరి వెనక నున్నటి రాతికొండలు. కొండ అడుగున రామస్వామివారి కోవెల. ఇక్కడి సీతారామలక్ష్మణుల విగ్రహాలను పూర్వం పాండవులు కొలిచారనీ, తరువాత అవి చాలాకాలం నీటిలో వుండి బయటపడ్డాయనీ స్థలపురాణం. తీర్థంలో దొరికిన రాముడు కనుక ఊరు రామతీర్థమయింది. శ్రీరామనవమికి జనం వస్తారంటే వింతలేదు. ఈ రామక్షేత్రానికి శివరాత్రినాడూ జనం విరగబడి వస్తారు.

రామాయణాన్ని మనసులో పెట్టుకుని వెళ్ళిన యాత్రికుడికి కోవెలలో కావలసినవన్నీ కనిపిస్తాయి. దర్శనం చేసుకుని, ప్రసాదం కళ్ళకద్దుకుని, బస్సు ఎక్కేస్తాడు. కాని ఆ కొండలమీద మరి రెండు మతాలవాళ్ళ ఆనవాళ్ళున్నాయి. చిత్రమేమిటంటే, ఆ రెండు మతాలకూ తమ తమ రామకథలున్నాయి.

ముందు గురుభక్తులకొండ సంగతి. కొండ పక్కనే ఒక వరసలో స్తూపమూ, చైత్యాలూ, భిక్షువులు నివసించిన విహారాల అడుగు గోడలూ కనిపిస్తాయి. అన్నీ ఇటుక కట్టడాలే. 1910 ప్రాంతాలలో పురావస్తుశాఖ తరపున అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఎండలో ఆ చిన్న చిన్న గదుల మధ్య నిలబడితే నాకు జ్ఞాపకం వచ్చేది బౌద్ధుల దశరథ జాతకం. అందులో రావణుడు లేడు, యుద్ధం లేదు. అడవిలో వున్న రామునికి తండ్రి మరణవార్త వస్తుంది. తక్కినవాళ్ళు గోలుగోలున ఏడుస్తారు. రాముడు మాత్రం చలించక, పుట్టినవాడు గిట్టక తప్పదని వాళ్ళను ఓదారుస్తాడు. భరతునికి తన పాదరక్షలిచ్చి పంపుతాడు. ఆ జన్మలో రాముణ్ణి నేనేనంటాడు బుద్ధుడు. అశాశ్వతాన్ని గురించిన ఆ కథ చెప్పుకోవడానికి ఈ కూలిన గోడలకంటే తగిన చోటు వుంటుందా?

ఇక బోడికొండమీదా, దుర్గకొండ గుహల్లోనూ జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. జైనుల రామాయణం విమలసూరి ప్రాకృతంలో రచించిన పఉమచరియం. అందులో రామునికి పద్ముడని పేరు. ఆయన అహింసావ్రతుడు, కనుక రావణుణ్ణి చంపే పని లక్ష్మణుడిమీద పడింది! మన కోదండరామునికి అలవాటుపడ్డవాళ్ళం ఇది విని నవ్వుకుంటాం. కాని తన దేవుని చేతికి నెత్తురంటకూడదని ఒక భక్తుడు పడిన తాపత్రయం అది. అలా చూస్తే నవ్వు ఆగిపోతుంది.

దుర్గకొండ గుహలో ఒక శాసనం వుంది. తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలం, అంటే 1011కూ 1018కీ మధ్య. భాష కన్నడం. దేశిగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు భక్తితో రామకొండకు వందనం చేశాడని అందులో వుంది. అంటే వెయ్యేళ్ళ కిందటే ఈ కొండ రామకొండ! రాముని పేరుగల కొండకు జైన గురువు మొక్కాడు. ఆ విమలాదిత్యుని కుమారుడు రాజరాజనరేంద్రుడు; నన్నయచేత తెలుగులో భారతం మొదలుపెట్టించినవాడు. తెలుగు పాఠం చెప్పుకు బతికే నాబోటివాడికి ఆ గుహలో కాలు పెడితే ఆదికవి ఇంటి పెరట్లోకి వచ్చినట్టే వుంటుంది.

గురుభక్తులకొండ దగ్గర మేకలు కాసుకునే ముసలాయన నన్ను చూసి, "ఏటి బాబూ, రావుడి కోసరం వొచ్చి ఇటికిలు సూస్తన్నారేటి?" అన్నాడు.

"ఇవి ఎవరివి తాతా?" అన్నాను.

"గురువులవట. ఆలు ఎల్లిపోనారు."

"రాముడి కొండమీద వేరే దేవుణ్ణి కొలిచినవాళ్ళే కదా?"

ముసలాయన కర్ర మోకాళ్ళమీద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ఆలూ ఎవుల్నో తలుసుకునే కదా బాబూ కొండెక్కినారు!" అన్నాడు.

పండితులు పుటలకొద్దీ వాదించుకునే విషయాన్ని ఆయన అంత సుళువుగా తేల్చేశాడు.

2020 డిసెంబరులో బోడికొండమీది కోదండరాముని విగ్రహం తలను దుండగులు నరికివేశారు. ఊరు తల్లడిల్లిపోయింది. 2022 ఏప్రిల్లో కొండమీద కొత్త ఆలయం వెలిసింది. దెబ్బతిన్న కథకు పదిమందీ కలిసి చిరునామా తిరిగి నిలబెట్టుకున్నారన్నమాట. అలా ఏడ్చేవాళ్ళూ, నిలబెట్టేవాళ్ళూ వుండడమే ఒక కథకు బలం. గురుభక్తులకొండ ఇటుకలకు ఆ బలం లేదు. అక్కడ ఒక ఇటుక జారిపడితే గుండె కలుక్కుమనేవాళ్ళు ఈ చుట్టుపట్ల లేరు. ఆ కథను ప్రేమించినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇక దాన్ని కనిపెట్టి వుండవలసింది వేరే కథను ప్రేమించే మనమే.

రామాయణం పట్టుకు వెళ్ళడం తప్పని నేననను. ఆ పుస్తకమే లేకపోతే నాబోటివాడు ఆ పల్లెకు వెళ్ళనే వెళ్ళడు. కాని రంగనాథ రామాయణం చదివాక మొల్ల రామాయణం చదవమా? ఒక్క రామకథతో తెలుగువాడికి ఎన్నడూ తనివితీరలేదు. అదే అలవాటును కొండదాకా తీసుకువెళ్ళమంటున్నాను.

మీరు రామతీర్థం వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. ఎండ ముదిరితే ఆ రాయి కాలు పెట్టనివ్వదు. స్వామి దర్శనం చేసుకోండి. తరువాత మంచినీళ్ళ సీసా ఒకటి చంకన పెట్టుకుని గురుభక్తులకొండ ఎక్కండి. పిల్లలుంటే వాళ్ళనూ తీసుకువెళ్ళండి. ఇటుకలమీద ఎక్కి గెంతకుండా చూసుకుంటూ, రావణుడు లేని రామాయణం కూడా ఒకటుందని వాళ్ళకు చెప్పండి. నమ్మరు. మరి యుద్ధం ఎవరితో చేశాడని అడుగుతారు. అప్పుడు అక్కడే నీడచూసుకుని కూర్చుని, ఆ కథంతా తీరికగా చెప్పవచ్చు.