దోషసందేశం ఎవరికి?

లినక్సులో ఒక తంత్రాంశాన్ని మూలసంకేతం నుంచి నిర్మించుకోవలసి వచ్చినప్పుడు తెర నిండా పరుగెత్తే దోషసందేశాలను చూసేవారే గాని చదివేవారు అరుదు. అది తమకే రాసిన ఉత్తరమని వారికి తోచదు. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంజనీరింగులో ఒక్కసారిగా ఆంగ్లంలో పడిన మా ప్రాంతపు పిల్లలకైతే ఆ పొడవాటి వాక్యాలు చీవాట్లలాగే వినిపిస్తాయి.

2013 తొలి మాసాలు. మా భీమ్‌గల్‌లో పసుపు ఉడకబెట్టే రోజులు. సెలవు మీద ఊరికి వెళ్ళిన నా వద్దకు మా వీధిలోని ఒక అమ్మాయి పాత ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. ఎం.టెక్. చివరి సంవత్సరం. తీగలూ కేంద్రమూ లేని నెట్‌వర్కుల్లో ప్యాకెట్లు ఎందుకు రాలిపోతాయన్నది ఆమె ప్రాజెక్టు. యాభై రేడియో పరికరాలు కొని పొలాల్లో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు గనుక, ఆ నెట్‌వర్కును యంత్రంలోనే అనుకరించి చూపే ఎన్‌ఎస్‌-2 ఆమెకు ఏకైక ఆధారం. 1989లో రియల్ అనే అనుకరణి నుంచి మొదలై, 1995 నుంచి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా సాయంతో పెరిగిన తంత్రాంశమది.

“పదిసార్లు జేసిన అన్నా, ఐతలేదు.”

“ఏమంటున్నదమ్మా?”

“మేక్ ఫెయిల్డ్ అంటున్నది. గంతే.”

ఆమె తండ్రి పసుపు రైతు. అమీర్‌పేటలో తయారు ప్రాజెక్టులు అమ్ముతారని ఎవరో చెప్పగా, “పసుపు అమ్మినంక పైసలిస్త తియ్ బిడ్డా, కొనుక్కో” అన్నాడట. ఏడాది పంటలో ఒక వాటా పెట్టి, తాను చేయని పనిని తన పేరున కొనుక్కోవడం ఆమెకు ఇష్టం లేదు. గడువు మూడు వారాలే ఉంది.

“మేక్ ఫెయిల్డ్” అన్నది ఇన్‌స్టాల్ స్క్రిప్టు చిట్టచివర పలికే మాట. ఇల్లు కూలిందని చెబుతుందే తప్ప ఏ దూలం విరిగిందో చెప్పదు. వెతకవలసింది మొట్టమొదటి దోషాన్ని. తరువాతివి తరచు దాని సంతానమే. తెరను పైకి జరుపుతూ పోగా దొరికింది: ఎల్‌ఎస్.హెచ్ అనే ఫైలు, 137వ పంక్తి. ‘ఎరేజ్’ అన్న పేరు అక్కడ ప్రకటితం కాలేదట. దాని కింది పంక్తులను ఆమె చేతనే పైకి చదివించాను. మాతృవర్గంలోని పేర్లను ఇలా విడిగా పిలిస్తే కనబడవనీ, ముందు ‘దిస్’ చేర్చి పిలవమనీ మందు కూడా అక్కడే రాసి ఉంది. ఆ పదిసార్లూ రాసే ఉంది!

2011 నవంబరులో వెలువడిన ఎన్‌ఎస్‌-2.35ను అప్పటి కంపైలర్లు ఆక్షేపణ లేకుండా అంగీకరించాయి. 2012 మార్చిలో వచ్చిన జీసీసీ 4.7 మాత్రం సీ ప్లస్ ప్లస్ ప్రమాణాన్ని ఈ విషయంలో కచ్చితంగా పాటించసాగింది. ఆమె ఉబుంటు 12.10లో ఉన్నది అదే. ప్రోగ్రాం మారలేదు, పరీక్షాధికారి మారాడు. కొందరు పాత కంపైలరును తెచ్చి పెట్టుకొని గండం గట్టెక్కేవారు. అదీ మార్గమే గాని కారణం తెలియదు.

కారణాన్ని ఆమెకు మా ఊరి భాషలోనే చెప్పాను. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరలో నిలబడి “నర్సయ్యా!” అని కేకవేస్తే పదిమంది తిరిగి చూస్తారు. ఇంటిపేరు కలపాలి. ఇక్కడ ‘ఎరేజ్’ పుట్టింటి సొత్తు. ఆ పుట్టిల్లు ఏదో మూసను వాడేదాకా తేలదు. కనుక కంపైలరు అక్కడికి పోయి వెతకదు. “ఇది నాదే, సమయం వచ్చినప్పుడు చూసుకో” అని హామీ ఇచ్చేదే ‘దిస్’, దాని వెంట వచ్చే బాణపు గుర్తు.

ఆమె ఆ ఒక్క మాట చేర్చింది. నిర్మాణం పూర్తయింది. తరువాత టెర్మినలు ఎన్‌ఎస్ అన్న ఆజ్ఞే దొరకలేదన్నది. ఈసారి నేను చెప్పకముందే ఆమె తెరను పైకి జరిపింది. ఏయే దారులను బాష్ అమరికల ఫైలులో చేర్చుకోవాలో స్క్రిప్టు వరుసగా చెప్పి ఉంది.

నమూనాగా ఒక చిన్న నెట్‌వర్కు నడిపితే తెర మీద చుక్కలు కదిలాయి, కొన్ని రాలిపోయాయి. తండ్రి వంగి చూశాడు.

“గవేంది బిడ్డా, కిందికి రాలుతున్నయ్?”

“క్యూల జాగ లేక, బాపూ.”

“నిజామాబాద్ యార్డు ముంగట మన బండ్లు గూడ ఆగుతయి గని, గిట్ల పారబొయ్యరు.”

ఆమె ప్రాజెక్టు అంతా నిజానికి ఆ ప్రశ్నే.

ఎన్‌ఎస్‌-2 ఆ 2.35 కూర్పుతోనే ఆగిపోయింది. 2008లో తొలి కూర్పు వచ్చిన ఎన్‌ఎస్‌-3, 2022 నుంచి సీమేక్‌తో నిర్మితమవుతున్నది. పరికరాలు మారాయి గాని, ఏది లోపించిందో యంత్రం మొదటే చెప్పడం, మనం చివరి పంక్తి మాత్రమే చూడడం మారలేదు.

ప్రాజెక్టు తానే చేసి సమర్పించిన కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. మరేదో తంత్రాంశం, మరేదో దోషం. “మొదటి నుంచి చదువుతున్న, ఇను అన్నా” అని మొదలుపెట్టింది. మూడో పంక్తి దగ్గర గొంతు ఆగింది.

“ఉండన్నా, దొరికింది” అని పెట్టేసింది.