ఫిరంగి లేని బండి

యుద్ధకథలు చదువు పిల్లలకు ట్యాంకు తెలియును, విమానము తెలియును, యుద్ధనౌక తెలియును. బురదలో కూరుకొనిపోయిన ట్యాంకును ఈడ్చుకొని వచ్చు బండిని గూర్చి మాత్రము వారు చదువుట అరుదు. సైన్యములో దానిని రికవరీ వాహనమందురు. చూచుటకు అది ట్యాంకువలెనే యుండును, ఇనుపపట్టాలమీదనే నడచును. కాని ఫిరంగి యుండవలసిన చోట బరువులెత్తు క్రేను దూలమును, కడుపులో ఒక పెద్ద వించ్‌యు ఉండును. వించ్ అనగా ఉక్కుతాడును చుట్టుకొనుచు లాగెడి యంత్రము.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు కొలదిదూరమున, మొఘల్‌పురా అను పేట కలదు. ఇరుకు సందులు, పాత గోడలు, వానిమీద లేచిన కొత్త అంతస్తులు, తెల్లవారినది మొదలు బండ్ల రొద. అచ్చట అగ్నిమాపక కేంద్రమొకటి యున్నందున ఆపదలో పరుగెత్తు బండి గంట పిల్లలకు కొత్త కాదు. ఆ పేటలోని యొక యింట పదమూడేండ్ల బాలుడొకడు, తన తాతను ప్రక్కన నుంచుకొని, ఒక వేసవి సెలవులలో రికవరీ వాహనపు ప్లాస్టికు నమూనాను కట్టెను.

నిజమునకు వాడు కోరినది ట్యాంకు. దుబాయిలో ఉద్యోగము చేయు మేనమామ, పెట్టెమీది బొమ్మలో ఇనుపపట్టాలు కనబడగానే ట్యాంకనుకొని కొని తెచ్చెను. పెట్టె విప్పిన పిల్లవాని ముఖము చిన్నబోయెను.

“ఫిరంగి లేని బండి ఏమి బండి, తాతా? మామ చూడక కొన్నాడు.”

తాత కండ్లద్దములు సవరించుకొని, పెట్టెను వెలుగునకు త్రిప్పి చాలసేపు చూచెను. ఆయన సైన్యములోని ఇ.ఎం.ఇ. దళమున మెకానిక్‌గా పనిచేసి విరమించినవాడు. ఆ దళము 1943లో ఏర్పడినది. దాని సైనిక కళాశాల సికింద్రాబాదులోని తిరుమలగిరి యొద్ద కలదు. తుపాకి మొదలు ట్యాంకు వరకు చెడినవానిని బాగుచేయుట, చిక్కుకొన్నవానిని లాగి తెచ్చుట వారి పని. ఆయన ఏండ్ల తరబడి చేసిన పని యదియే. అయినను ఇంటిలో దానిని గూర్చి ఎన్నడును నోరు విప్పియుండలేదు.

“మీ మామ సరియైనదే కొన్నాడు” అని మాత్రమనెను.

ఆ పెట్టెలోనిది అమెరికా వారు రెండవ ప్రపంచయుద్ధకాలమున షెర్మన్ ట్యాంకు దేహముమీద నిర్మించిన ఎం-32 అను వాహనపు నమూనా. దాని కొలత ముప్పదియైదవ వంతు. ఈ విచిత్రమైన అంకె ఎక్కడినుండి వచ్చినదని ఎవరికైనను తోచును. జపానులోని టమియా కంపెనీవారు 1960 తరువాతి తొలి యేండ్లలో ప్యాంథర్ ట్యాంకు బొమ్మను చేయబూని, లోపల చిన్న మోటారును, బ్యాటరీలును పట్టునంత పరిమాణమును నిర్ణయించుకొనిరి. తరువాత లెక్క చూడగా అది అసలు ట్యాంకులో ముప్పదియైదవ వంతు అయినది. బ్యాటరీల కొఱకు పుట్టిన ఆ కొలతనే తరువాత లోకములోని పెక్కు కంపెనీలు అనుసరించినవి.

తాత పిల్లవానిచేత మొదట లెక్క చేయించెను. అసలు వాహనము పొడవు సుమారు 5.8 మీటర్లు. దానిని 35చే భాగింపగా 16 సెంటీమీటర్లకు కొంచె మెక్కువ వచ్చును. ఐదడుగుల ఏడంగుళముల మనిషి ఐదు సెంటీమీటర్లకు లోపుగానే నిలుచును. ఇంతవరకు పిల్లవాడు సులభముగనే చెప్పెను. “మరి బరువో?” అని తాత అడుగగా, 28 టన్నులను 35చే భాగించి, ఎనిమిది వందల కిలోలని చెప్పి, తనలో తానే నవ్వుకొనెను. పొడవు తగ్గినట్లే వెడల్పును, ఎత్తును తగ్గును గదా! కావున ముప్పదియైదును మూడుమార్లు గుణించి, ఆ 42,875చే భాగింపవలెను. అప్పుడు వచ్చునది సుమారు 650 గ్రాములు. బండిని బొమ్మగా కుదించినపుడు బరువు పొడవు కంటె ఎంత వేగముగా క్షీణించునో వాడు ఆనాడు తెలిసికొనెను. పాఠ్యపుస్తకములోని ఘనము అను మాట వానికి ఆ దినముననే చేతికి చిక్కెను.

నమూనా ముక్కలు పాలిస్టైరీను అను ప్లాస్టికుతో చేయబడును. కరిగిన ప్లాస్టికును ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో పంపి చల్లార్చగా, ఆకు ఈనెలకు అంటిన కాయలవలె ముక్కలన్నియు ఒక చట్రమునకు అంటుకొని వచ్చును. వానిని పెరికివేయరాదు. చిన్న కత్తెరతో దూరముగా కత్తిరించి, మిగిలిన మొటికను ఉప్పుకాగితముతో అరుగదీయవలెను. అతికించు ద్రవమును సాధారణమైన జిగురు అనుకొనుట పొరపాటు. అది ప్లాస్టికు పైపొరను కొంచెము కరగించును. కరిగిన రెండు అంచులును కలిసి, ద్రవము ఆవిరియైన పిమ్మట ఒకటే ముక్కగా గట్టిపడును. ఇనుమును వెల్డింగు చేయుటకును దీనికిని పోలిక కలదు. ద్రవము ఒక చుక్క ఎక్కువైనచో ముక్కయే కరగి రూపు చెడును. ఘాటైన ఆవిరి వచ్చును గనుక కిటికీ తెరచి పని చేయవలెను. తాత ఈ నియమమును ఒక్కనాడును సడలింపలేదు. వీధి దుమ్ము లోనికి వచ్చుచున్నదని అవ్వ ఎంత గొణిగినను కిటికీ మూయబడలేదు.

తాత కుడిచేయి కొన్నేండ్లుగా వణకుచున్నది. కావున ఆయన ముక్కలను ముట్టక, కుర్చీలో కూర్చుండి చెప్పువాడు, పిల్లవాడు చేయువాడు. పిల్లవాడు తొందరపడును, తాత ఆపును. ప్రయాణములో ఎండవేడిమికి వంగిన పలక యొకటి కనబడగా పిల్లవాడు దానిని బలవంతముగా అతికింపబోయెను. తాత వేడినీళ్లు తెప్పించి, దానిని అందులో కొంతసేపుంచి, చదునైన బండమీద అదిమి చల్లారనిమ్మనెను. పలక సాపైనది. చక్రములు పన్నెండును ఒక్క వరుసలో నేలను తాకుటకు రెండు దినములు పట్టెను. ఆ రెండు దినములలో పిల్లవాడు మూడుసార్లు అలిగెను.

తాతకు నచ్చని దొక్కటి యుండెను. పెట్టెలో లాగు తాడునకు బదులు ప్లాస్టికు పుల్ల యిచ్చిరి. “తాడన్న తరువాత వంగవలెను” అని ఆయన దానిని ప్రక్కన పెట్టించెను. ఫ్యాను మోటార్లకు తీగ చుట్టు దుకాణమునుండి రాగితీగ ముక్కలు తెప్పించి, పోగులను మేకునకు బిగించి మెలిపెట్టించెను. అసలు ఉక్కుతాడు మూడు సెంటీమీటర్ల మందమైనచో నమూనాలో ఒక మిల్లీమీటరైనను ఉండరాదు. మొదటి తాడు లావైనది. రెండవది మధ్యలో తెగినది. నాలుగవ తాడు కుదిరెను. ఛత్తాబజారులో శుభలేఖలు వ్రాయువారియొద్దనుండి కొని తెచ్చిన సన్నని కుంచెతో దానికి నూనె మరకల రంగు వేసిరి.

ఎం-32 వించ్ సుమారు 27 టన్నుల బలముతో లాగగలదు. అది చాలని వేళలు కలవు. బొడ్డులోతు బురదలో దిగబడిన ట్యాంకును బురద పీల్చి పట్టుకొనును గనుక, దాని బరువుకంటె ఎక్కువ బలము కావలసివచ్చును. అప్పుడు కప్పీ అక్కరకు వచ్చును. బావి గిలకవంటి కప్పీని ట్యాంకునకు తగిలించి, తాడును దానిచుట్టు త్రిప్పి, కొసను తిరిగి తెచ్చి రికవరీ వాహనమునకే కట్టుదురు. ఇప్పుడు ట్యాంకును రెండు తాళ్లు లాగుచున్నట్లు లెక్క. రాపిడికి కొంత పోగా బలము ఇంచుమించు రెట్టింపగును. వేగము సగమగును. పిల్లవాడు పాత కుట్టుమిషను బాబిన్‌ను కప్పీగా చేసికొని, దానిని ఇటుకకు కట్టి, దారముతో గచ్చుమీద లాగి చూచెను. అంతకుముందు తెగిన దారమే ఈసారి ఇటుకను కదలించెను.

ఈ పనికి సైన్యములు ఆలస్యముగనే విలువనిచ్చినవి. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధమున, ట్యాంకులు మొట్టమొదట రణరంగమునకు వచ్చినవి. సిద్ధపరచిన 49 ట్యాంకులలో దాదాపు మూడవ వంతు బయలుదేరవలసిన చోటికే చేరలేకపోయినవి. రెండవ ప్రపంచయుద్ధమున ఉత్తరాఫ్రికా ఎడారిలో జర్మనులు పగలు చెడిన ట్యాంకులను రాత్రి లాగికొనిపోయి, బాగుచేసి, మరల పంపుచుండిరి. బ్రిటిషువారు ఇట్టి పని కొఱకే ఒక ప్రత్యేక దళమును 1942 అక్టోబరులో నెలకొల్పిరి. ఎం-32కు ముందటిదైన అమెరికా రికవరీ వాహనమునకు, శత్రువు దానిని ట్యాంకని భ్రమపడుటకై, కాల్చలేని ఉత్తుత్తి ఫిరంగి గొట్టములను అమర్చిరి. ఈ సంగతి విని పిల్లవాడు పకపక నవ్వెను. ఎం-32మీద చిన్న మోర్టారు ఉన్నది గాని, దానిని ముఖ్యముగా పొగ తెరలు కల్పించుటకు వాడుదురు. పొగచాటున తాడు కట్టుటకు.

మన దేశమున 1965 సెప్టెంబరులో పంజాబునందలి అసల్ ఉత్తర్ యొద్ద, మనవారు నీరు పెట్టిన చెఱకు తోటలలో పాకిస్తాను ప్యాటన్ ట్యాంకులెన్నో దిగబడి పట్టుబడినవి. వానిలో కొన్నింటిని నేడును మన సైనికస్థావరములలో చూడవచ్చును. ఆ బురదనుండి వానిని వెలికి లాగినవారి ఊసు అక్కడి ఫలకములపై సాధారణముగ కానరాదు.

“నీవెన్ని లాగితివి, తాతా?” అని పిల్లవాడొకనాడు, ఆకుపచ్చ రంగు ఆరుచుండగా అడిగెను.

తాత వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి చెప్పెను. 1971 డిసెంబరు. షకర్‌గఢ్ ప్రాంతము, బసంతర్ నదియొద్ద. ఇది తాను నడపిన రకపు బండి కాదు. అయినను పని యొక్కటే. రాత్రి. ఎదుట మన ట్యాంకొకటి ఒడ్డు దిగి బురదలో ఒరిగినది. నేలలో మందుపాతరలు.

“బండి ఎంత గొప్పదైనను, నాయనా, తాడు తనంతట తాను పోయి తగులుకొనదు. మనిషి కాలినడకన పోయి కొక్కెము తగిలించవలెను.”

“నీవు పోతివా?”

“నేను వించ్‌మీద నుంటిని. నా తోడివాడు పోయెను.”

“తగిలించెనా?”

“తగిలించెను. ట్యాంకు వచ్చినది. అందలి నలుగురును వచ్చిరి.”

పిల్లవాడు ఆగెను. “ఆయన?”

తాత తాడువైపు చూపి, “చూడుము, కొసన పోగులు విడుచున్నవి. బిగింపుము” అనెను.

పిల్లవాడు ఇక అడుగలేదు. పోగులు బిగించెను. తరువాత మూడు దినములు వాడు చట్రములోని పనికిరాని ముక్కలను కరగించుచు, చెక్కుచు కూర్చుండెను. బండికి ఇటుకపొడితో దుమ్ము రంగు, బొగ్గుపొడితో మసి రంగు వేయుట తాత చెప్పకయే పూర్తిచేసెను. నాలుగవ నాడు దానిని పాతపలకమీద నిలిపి తెచ్చి తాత ముందుంచెను. బండి ముందు, తాడు సాగినంత దూరమున, ఐదు సెంటీమీటర్లకు లోపుగా, ఒక మనిషి బొమ్మ ముందునకు వంగి నడచుచుండెను. కుడిచేతిలో కొక్కెము.

తాత పలకను దగ్గరకు జరుపుకొని, వణకుచున్న చేతిని మరియొక చేతితో పట్టుకొని చూచెను. అవ్వ వంటయింటినుండి పిలిచినను పలుకలేదు.

“కొక్కెము ఎడమచేతిలో ఉండవలెను” అనెను. “వాడు ఎడమచేతివాటము.”

పిల్లవాడు కత్తెర తెచ్చుటకు లేచెను.