వినబడిన పిలుపు

మా పాత జీపుకు గుడ్డ పైకప్పే. ఒక రాత్రి బొబ్బర్లంకలో కూడిక ముగించుకొని ధవళేశ్వరం వస్తున్నాము. వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మకు బ్యారేజి మీద ఆయాసం వచ్చింది. మా శ్రీమతి ఎంత పిలిచినా ఇంజను మోతలో, గోదావరి గాలిలో మాకు వినబడలేదు. 70 గేట్లు దాటి ఆగిన తరువాతనే తెలిసింది. పెద్దమ్మ కోలుకొన్నది గాని మా మనస్సు కుదుటపడలేదు.

ర్యాలీ పందెపు కార్లలో డ్రైవరు, ప్రక్కన దారి చదివి చెప్పే సహచరుడు హెల్మెట్లలోని మైకులతో మాట్లాడుకొంటారు. అటువంటి ఇంటర్‌కమ్ ఒకటి సంపాదించి, సంఘములోని ఎలక్ట్రీషియను తమ్మునిచేత బిగించుకొన్నాము.

మొదట హారను తీగ నుండి కరెంటు తీసుకొన్నాము. ఇంజను వేగం పెరిగేకొద్దీ చెవిలో ఈల కూడ పెరిగింది. తమ్ముడు ఆ తీగ ఊడదీసి, 9 వోల్టుల చిన్న బ్యాటరీ తగిలించగానే ఈల ఆగింది. లోపం పెట్టెలో లేదు, కరెంటు వచ్చే దారిలో ఉన్నది! పిమ్మట 12 వోల్టుల జీపు బ్యాటరీ నుండే ప్లస్సు, మైనస్సు తీగలు వేరుగా లాగి, ప్లస్సు తీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజు వేశాడు. ఈల దాదాపు పోయింది.

మరుసటి వారం అదే బ్యారేజి మీద, "ఏమండీ, కొంచెం నెమ్మదిగా" అన్న మాట చెవిలో పడింది. వెంటనే నెమ్మది చేశాము.

"ఇంట్లో ఇంజను మోత లేదు కదండీ, అక్కడెందుకు వినబడదు?" అని ఆమె అడిగింది.

దానికి తీగ వేయవలసినది మేమే.