తిరిగివచ్చు ధనము, తిరిగిరాని ధనము

ఇంటి జమాఖర్చుల పుస్తకములో ప్రతి వ్యయమును రెండు గడులుగా విభజించి వ్రాయుట నాకు చిరకాలముగా నున్న అలవాటు. కొన్న వస్తువును ఎప్పుడైనను అమ్ముకొన్నచో చేతికి రాదగిన మొత్తము మొదటి గడిలోనికి, ఏమి చేసినను మరల రాని మొత్తము రెండవ గడిలోనికి పోవును. బంగారపు గాజు కొన్ననాడు బంగారము విలువ మొదటి గడిలో చేరును. తరుగు, మజూరీ రెండవ గడిలో చేరును. ధర యని మనము వాడుకగా చెప్పుకొనునది ఈ రెండింటి మొత్తమే. కాని గృహస్థునకు నిజమైన ఖర్చు రెండవ గడిలోనిది మాత్రమే యని నా నిశ్చితాభిప్రాయము. ఈ అభిప్రాయమును నేను మిక్కిలి కఠినముగా పరీక్షించుకొన్న సందర్భము, 2014వ సంవత్సరమున నా మారుతీ ఎస్టీమ్ కారు కొరకు ఒక పాత ర్యాలీ కామ్‌షాఫ్టును కొన్నప్పటిది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి కామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. దానిపై ఉబికియున్న లోబులే వాల్వులు ఎప్పుడు తెరచుకొనవలెనో, ఎంత ఎత్తునకు లేవవలెనో, ఎంతసేపు తెరచియుండవలెనో నిర్ణయించును. కంపెనీవారు బిగించి యిచ్చునది సంసారపక్షమైన కామ్‌షాఫ్టు. ఊరి వీధులలో నింపాదిగా నడచుటకును, మైలేజీ నిలుపుటకును తగినట్లు తీర్చినది. ర్యాలీ కామ్‌షాఫ్టు వాల్వులను మరికొంతసేపు తెరచియుంచును. ఇంజను వేగముగా తిరుగునప్పుడు, లోనికి దూసికొనివచ్చు గాలి తన వేగబలము చేతనే, పిస్టను పైకి మరలిన తరువాత సైతము సిలిండరులోనికి చొచ్చుకొనిపోవుచుండును గనుక, ఆలస్యముగా మూసికొను వాల్వు వలన అధిక వాయువును, తన్మూలమున అధిక శక్తియు లభించును. అదే ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు ఆ గాలికి ఆ బలము చాలక, లోనికి వచ్చినదానిలో కొంత వచ్చిన దారినే వెనుకకు నెట్టబడును. దానికి తోడు గాలి వాల్వును పొగ వాల్వును ఏకకాలమున తెరచియుండు వ్యవధి పెరుగుటచే, కాలిన వాయువు తాజా మిశ్రమముతో కలిసి, ఐడిలింగులో బండి ఉలికిపడుచుండును. పై వేగములలో లభించిన బలమునకు క్రింది వేగములలో మూల్యము చెల్లింపక తప్పదు. ఇది ఎరుగక కొనువాడు విజయవాడ బెంజి సర్కిల్ కడ సిగ్నలు పడినప్పుడెల్ల విచారించును.

నా ఎస్టీమ్ ఇంజను 1298 సీసీలది. 85 హార్స్‌పవర్ గలది. దానియందు లోపమేమియు లేదు. అయినను హైదరాబాదు మార్గమున నందిగామ దాటిన పిమ్మట, వరుసగా పోవు లారీలను దాటవలసి వచ్చినప్పుడు, నాలుగువేల ఆర్‌పీఎమ్ పైన ఆ ఇంజను మరికొంత ఉత్సాహముతో పలికిన బాగుండునని నాకు కోరిక కలిగెను. యంత్రములనిన నాకు బాల్యము నుండియు ప్రీతి. ఆ ప్రీతికి ధనము వెచ్చించుట దోషమని నేను తలపను. అది పొదుపు నుండి రాక, సరదా పద్దు క్రింద నెలనెలా వేరుగా కూడబెట్టిన సొమ్ము నుండియే రావలెనని మాత్రము నియమము. ఆనాడు ఆ పద్దులో 20,000 రూపాయలు ఉండెను. ఆ మొత్తమే నాకు హద్దు.

విచారింపగా క్రొత్త కామ్‌షాఫ్టు, లోబులకును వాల్వులకును నడుమ నుండు రాకర్లకు తిరిగి మొగము చేయించుటతో కలిపి 22,000 రూపాయలని తెలిసెను. హద్దు దాటినది. అప్పుడు ఒక మిత్రుడు, కోయంబత్తూరులో ర్యాలీ బండ్లు తయారుచేయు ఒక వర్క్‌షాపు వద్ద వాడిన కామ్‌షాఫ్టులు ఉన్నవని చెప్పెను. ఆ నగరమును గురించి కొంత చెప్పవలసియున్నది. బట్టల మిల్లులు, నీటిపంపులు, మోటార్ల పరిశ్రమల మూలమున అచ్చట లేత్ పనిలో ఆరితేరిన తరములు ఏర్పడినవి. 1893లో ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములో జన్మించి, బస్సుల వ్యాపారముతో మొదలిడి, యంత్రనిర్మాణమున ప్రసిద్ధికెక్కిన జి. డి. నాయుడుగారు ఆ సీమవారే. ఫార్ములా మారుతీ పందెపు కార్లను తీర్చిన ఎస్. కరివర్ధన్ గారును ఆ ఊరివారే. 1995లో ఆయన విమాన ప్రమాదమున మరణించిరి. చెట్టిపాళయములోని పందెపు బాట నేడు ఆయన పేరనే వెలసియున్నది. నాతో ఫోనులో మాటలాడిన వర్క్‌షాపు యజమానియు తమిళపు యాస గలిసిన తెలుగులోనే బేరమాడెను.

పాత వస్తువు చవుకగా వచ్చినంతమాత్రమున కొనరాదు. అది ఏల చవుకయైనదో మొదట తెలిసికొనవలెను. అరిగినందున చవుకయైనచో అది వస్తువు లోపము. కొనువారు తగ్గినందున చవుకయైనచో అది మనకు లాభము. ఎస్టీమ్ ఉత్పత్తి 2007లో ఆగినది. స్విఫ్టు వంటి క్రొత్త బండ్లు పందెములలోనికి వచ్చినకొలది పాత ఎస్టీమ్‌లు విశ్రాంతి పుచ్చుకొనినవి. వాటి కొరకు తీర్చిన భాగములు అరలలో మిగిలిపోయినవి. ఇది రెండవ కోవకు చెందిన చవుకదనమని నాకు తోచెను. తోచుట వేరు, తేలుట వేరు గనుక, విజయవాడలో మా మేస్త్రి కొలిచి చూచిన పిమ్మటనే బేరము ఖాయమగునట్లును, ఏ రాకరు ఏ లోబుపై నడచినదో గుర్తులు పెట్టి పంపునట్లును షరతు చేసితిని. ఒక లోబుపై రాచుకొని కుదురుకొన్న రాకరును మరియొక లోబుపై బిగించినచో రెండును అచిరకాలములోనే చెడును.

ఆయన ఒకే పెట్టెలో రెండు కామ్‌షాఫ్టులు పంపెను. ఒకటి మితమైనది, 8,500 రూపాయలు. రెండవది తీవ్రమైనది, 6,000 మాత్రమే. ఆటోనగరులో మా మేస్త్రి షెడ్డునందు ఆ పెట్టె విప్పిన పూట నాకిప్పటికిని కండ్లకు కట్టినట్లున్నది. మేస్త్రి కిరసనాయిలుతో రెండింటిని కడిగి, పాత బనియను గుడ్డతో తుడిచి, వెలుతురు పడు వైపునకు త్రిప్పెను. మొదట కొలపరికరమేదియు ముట్టక, బొటనవ్రేలి గోటిని ప్రతి లోబు కొనపై అడ్డముగా లాగుచు పోయెను. తీవ్రమైనదాని మూడవ సిలిండరు లోబు కడ ఆయన చేయి ఆగెను.

“మాస్టారూ, మీరే గోరు పెట్టి చూడండి. ఇక్కడ గరుకు తగుల్తోందా?”

తగిలెను. కంటికి సూదిమొన వంటి చుక్కలు రెండు మూడు మాత్రమే కనబడుచుండెను.

“పైన గట్టిపొర లేచిపోతోందన్నమాట. ఇలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోకండి. నాలుగు నెలల్లో రాకరును తినేస్తుంది, ఆ రజను ఆయిల్లో పడి బేరింగుల్లోకి పోతుంది.”

పిదప మితమైనదానిని రెండు వీ-బ్లాకులపై నుంచి, నడుమ డయల్ గేజి ఆనించి, చేతితో మెల్లగా త్రిప్పి, వంపు లేదని తేల్చెను. ప్రతి లోబు ఎత్తును మైక్రోమీటరుతో కొలిచి సుద్దముక్కతో గోడపై వ్రాసెను. ఒకే జాతి లోబుల నడుమ భేదము మిల్లీమీటరులో రెండు మూడు నూరవవంతులకు మించలేదు. కామ్‌షాఫ్టు ఆనుకొని తిరుగు జర్నళ్లపై వేడికి కమిలిన నీలపు మరకలును లేవు. ఈ పరీక్షకును, తరువాతి లేత్ పనికిని కలిపి 1,500 రూపాయలు ఇచ్చితిని. నేను పెట్టిన సొమ్ములన్నింటిలో మిక్కిలి సార్థకమైనది ఇదియే. పాత సరుకు బేరములో అమ్మువాడు ఎరిగినది మనము ఎరుగకపోవుట వలననే నష్టము కలుగును. ఆ ఎరుకను కొనుటకు వెనుకాడువాడు తరువాత వస్తువునే రెండుమారులు కొనును.

గరుకు లేకపోయినను ఆ 6,000 రూపాయల దానిని నేను స్వీకరించి యుండను. అది వాల్వును మిక్కిలి ఎత్తునకు లేపును గనుక గట్టి స్ప్రింగులు కావలెను. ఇంజనులోని కంప్యూటరునకు దానితో పొసగదు గనుక ఆ కంప్యూటరును సరిచేయించుటకు వేరు ఖర్చు కలదు. అన్నిటికంటె ముఖ్యమైన విషయమొకటి యున్నది. బ్రేకు తొక్కినప్పుడు మన కాలికి సాయపడు సర్వో, ఇంజను లోనికి గాలి పీల్చుట వలన ఏర్పడు వ్యాక్యూమ్ పైననే ఆధారపడియుండును. తీవ్రమైన కామ్‌షాఫ్టు ఐడిలింగులో ఆ వ్యాక్యూమ్‌ను తగ్గించును. భార్యాపిల్లలు కూర్చుండు బండిలో అట్టి మార్పును ఏ ధరకును చేయింపరాదు. మితమైనదానికి కంపెనీ స్ప్రింగులే చాలునని, వాల్వు పూర్తిగా తెరచుకొన్నప్పుడు చుట్టల నడుమ ఎడము మిగులుచున్నదని మేస్త్రి చూచి చెప్పిన పిదపనే సమ్మతించితిని.

ఇక కూలి మాట. కామ్‌షాఫ్టును త్రిప్పు టైమింగ్ బెల్టును 60,000 కిలోమీటర్లకు గాని, ఐదేండ్లకు గాని, ఏది ముందైన దానికి మార్చవలెనని మా మేస్త్రి నియమము. నా బండికి ఆ గడువు ఆ యేడే వచ్చెను. బెల్టు ఒక్కదానికే విప్పినచో కూలి 2,500. కామ్‌షాఫ్టు సైతము మార్చినచో 4,500. ఎట్లును విప్పవలసిన పని గనుక కామ్‌షాఫ్టు పద్దునకు చెందు కూలి 2,000 మాత్రమే. బెల్టు, వాటర్ పంపు ఖర్చును నేను ఈ లెక్కలో చేర్చలేదు. అవి బండి పోషణకు చెందినవి. కామ్‌షాఫ్టు 8,500, పార్సెలు 400, గాస్కెట్లు, ఆయిలు సీళ్లు, ఆయిలు 2,600, కూలి 2,000, పరీక్ష 1,500: వెరసి 15,000. ఇందులో కామ్‌షాఫ్టును మరల అమ్మినచో 8,000 వరకు రావచ్చునని అంచనా వేసి మొదటి గడిలో వ్రాసితిని. తక్కిన 7,000 రెండవ గడికి పోయెను. క్రొత్తది కొనియుండినచో పరీక్ష ఖర్చు మినహా అంతయు కలిపి 27,000 అగును, ఒకమారు బిగించిన క్రొత్తదానికి సగము ధరయే, అనగా 11,000 వచ్చును, తిరిగిరానిది 16,000. మొదటి యజమాని భరించిన తరుగుదలను మనము మరల భరింపనక్కరలేకపోవుటయే పాత వస్తువునందలి అసలైన లాభము.

ఈ లెక్క ఇంతటితో ముగిసినదని ఎవరైన భావించినచో నేను అంగీకరింపను. 15,000 రూపాయలను ఆనాడు బ్యాంకులో డిపాజిట్టు చేసినచో నూటికి 9 చొప్పున ఏటికి 1,350 వడ్డీ వచ్చెడిది. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చు బండి 13 ఇయ్యసాగెను. ఏటికి 6,000 కిలోమీటర్లకు 33 లీటర్లు అధికము. లీటరు 75 రూపాయలని కట్టినచో సుమారు 2,500. ఈ రెండును కలిసి ఏటికి 3,850. మూడవ యేడు ముగియకముందే ఇది కామ్‌షాఫ్టు ధరను దాటిపోవును. బేరమాడునప్పుడు ఐదువందల కొరకు గంటసేపు వాదించు మనము, ప్రతి సంవత్సరము నిశ్శబ్దముగా పోవు ఈ మొత్తమును గణింపకుండుట నాకు ఎల్లప్పుడు ఆశ్చర్యము గొలుపును.

చట్టము సంగతియు విచారించితిని. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఇంజను నంబరును, ఘనపరిమాణమును మారలేదు గనుక పత్రమునకు భంగము లేదని గ్రహించితిని; అయినను బీమా కంపెనీకి ముందే వ్రాతమూలముగా తెలిపితిని. వారు ప్రీమియము పెంపకయే దస్త్రములో చేర్చుకొనిరి. ప్రమాదము జరిగిన తరువాత బయటపడిన మార్పు, క్లెయిము సొమ్మునకే ఎసరు పెట్టగలదు. అప్పుడు ఈ లెక్కలన్నియు వ్యర్థములు. పొల్యూషను పరీక్షలోను బండి నెగ్గెను.

బిగించిన నాడు మేస్త్రి లోబులకు చిక్కని గ్రీజు పూసి, టైమింగు గుర్తులు కలిపి, స్పానరుతో ఇంజనును చేతితోనే రెండు చుట్లు త్రిప్పి, ఎచ్చటను తగులుటలేదని నిశ్చయించుకొన్న పిదపనే తాళపుచెవి నా చేతికిచ్చెను. ఊరిలో క్లచ్చితో పని కొంత పెరిగెను. రెండువేల ఐదువందల ఆర్‌పీఎమ్ క్రింద పికప్ తగ్గెను. నందిగామ దాటిన తరువాత మూడవ గేరులో ముల్లు నాలుగువేలు దాటినప్పుడు ఆ ఇంజను గొంతు విప్పిన తీరును నేను ఎన్నడును మరువలేను. నా కోరిక యథాతథముగా తీరెను.

2017లో గుంటూరు నుండి ఒక యువకుడు వచ్చి, ఆ కామ్‌షాఫ్టునకు 8,500 ఇత్తుననెను. ఆనాడు అమ్మినచో కేవలము దానిని విప్పుటకే పూర్తి కూలి ఈయవలసివచ్చును. సగమునకు పైగా అచ్చటనే పోవును. 2019లో బెల్టు మార్చునప్పుడు రమ్మని చెప్పితిని. అతడు మాట నిలుపుకొని వచ్చెను. మేస్త్రి అతని యెదుటనే మైక్రోమీటరు పెట్టి ప్రతి లోబును కొలిచి, పాత కొలతల ప్రక్కన క్రొత్తవి వ్రాసి చూపెను. ఐదేండ్ల అరుగుదలకు వెయ్యి తగ్గింపుమని అతడడుగగా 7,500కు ఇచ్చితిని. నూనె కాగితములో చుట్టి దాచియుంచిన కంపెనీ కామ్‌షాఫ్టును తిరిగి బిగించుటకు కూలి, గాస్కెట్లు కలిపి మరి 3,000 అయ్యెను. తిరిగిరానిది 7,500, ఐదేండ్ల వడ్డీ, పెట్రోలు 19,250, ఈ 3,000: వెరసి 29,750. నెలకు ఐదువందలకు కొంచెము లోపు. యువకుడిచ్చిన నోట్లను ఆ సాయంకాలమే సరదా పద్దు ఖాతాలో జమ కట్టితిని.