సర్వే పనికి పోవాలా వద్దా అని అడుగుతున్నవాళ్లకి



భద్రాచలం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఈమధ్య ఒక మెసేజ్ వచ్చే ఉంటుంది. ఒక మార్కెట్ రీసెర్చ్ కంపెనీ సర్వేకి ఇంకా మనుషుల్ని పెంచుతోంది, కోయ భాష వచ్చినవాళ్లకి ముందు అవకాశం అని. దసరా సెలవుల్లో నేను పన్నెండు రోజులు చేశాను. చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ట్యాబ్ ఇస్తారు. ఇంటింటికీ తిరిగి ఏ సబ్బు, ఏ టీ పొడి, ఏ సిమ్ వాడుతున్నారో అడిగి నింపాలి. కుడిచేతి వైపు నడుస్తూ లెక్క ప్రకారం ఇళ్లు వదులుకుంటూ వెళ్లాలని ట్రైనింగ్‌లో చెప్పారు. మన గూడేల్లో ఇళ్లు వరసలో ఉంటేగా! ఒకటి ఇప్పచెట్టు పక్కన, ఇంకోటి వాగు దాటాక.

ముందు ఇంటి స్థాయి తేల్చాలి. సంపాదించే మనిషి చదువు, 11 రకాల్లో ఇంట్లో ఎన్ని ఉన్నాయి... కరెంటు, ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, కారు ఇలాంటివి. దాన్నిబట్టి ఎ1 నుంచి ఇ3 దాకా 12 మెట్లు. ఆ 11లో సాగుభూమి కూడా ఒకటి. "సొంత భూమి ఉందా అవ్వా?" అని కోయలో అడిగితే ఒక ముసలామె "మా మామ కాలం నుంచి దున్నుతున్నాం, పట్టానే రాలేదు" అంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీలకు హక్కుందని 2006 అటవీ హక్కుల చట్టం చెప్తోంది. ట్యాబ్‌లో మాత్రం అవును, కాదు, రెండే. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే "ఏదో ఒకటి కొట్టెయ్" అన్నాడు. నేను అవునని నొక్కాను. మళ్లీ అడిగినా అదే నొక్కుతా.

ఇక డబ్బులు. ఫారానికి 70 రూపాయలు, రోజుకు ఐదారు అవుతాయి. తర్వాత ఆఫీసువాళ్లు కొన్ని ఇళ్లకి ఫోన్ చేసి నిజంగా అడిగారా అని చూస్తారు. మంచిదే, దొంగ ఫారాలు ఆగుతాయి. కానీ సిగ్నల్ లేని గూడెంలో ఫోన్ ఎవరికి మోగుద్ది? నా 64 ఫారాల్లో 19 ఆ కారణంతోనే కొట్టేశారు. పెట్రోలు కూడా నాదే. తెలుగు ప్రశ్నని అప్పటికప్పుడు కోయలోకి మార్చి చెప్పినదానికి పైసా లేదు. "ఈ సబ్బు మీద మీ సంతృప్తికి పదికి ఎన్ని మార్కులు" అనేది కోయలో ఎలా అడుగుతారో ఒకసారి మీరే ప్రయత్నించండి.

పోవద్దు అనట్లేదు. నా పరీక్ష ఫీజు ఆ డబ్బులతోనే కట్టా. కానీ సిగ్నల్ లేని చోట ఫోన్ బదులు జీపీఎస్, ఫొటో సరిపోతాయా, పెట్రోలు ఎవరిస్తారు, ఇవి ముందే కాగితం మీద రాయించుకోండి. క్లాసులున్న రోజుల్లో రమ్మంటే ఒప్పుకోకండి, హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుద్ది.

ఒక్కొక్కరుగా అడిగితే వినరు. పేరిచ్చినవాళ్లు కింద చెప్పండి, ట్రైనింగ్ కంటే ముందే అందరం కలిసి వెళ్లి మాట్లాడదాం.