జిన్నారములో నేర్చిన భూతయజ్ఞము

గడచిన వేసవి సెలవులలో మా చెల్లెలిని చూచి వచ్చుటకై తెనాలి నుండి జిన్నారమునకు బోయితిమి. మావారు బడిపంతులగుటచే మాకు దూరప్రయాణము వేసవియందే సాధ్యము. యాత్ర యనగానే సోదరీమణులు కోనేరులను గూర్చియు గోపురములను గూర్చియు వినగోరుదురు. నేను జెప్పబోవునది వీధికుక్కలను గూర్చి. విసుగు చెందక చదువుదురని నమ్మెదను.

జిన్నారము పూర్వము మెదకు జిల్లాలోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలో జేరినది. పటాన్‌చెరువు విడిచి లోపలికి బోవుకొలది ఒకవైపు బండరాళ్ల గుట్టలు, తాటిచెట్లు, చెఱువులు, మఱియొకవైపు పొగగొట్టములు. 1970వ దశాబ్దము నుండి పటాన్‌చెరువు చుట్టును కర్మాగారములు పెరుగుచు వచ్చి బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారముల వరకు వ్యాపించినవి. ఇచట తయారగు మందులు దేశదేశములకు బోవుచున్నవి. అందులకు ఈ నేల చెల్లించిన మూల్యము నక్కవాగు నీళ్లను జూచినవారికి దెలియును. ఆ వాగు పోయి మంజీరలో గలియును. ఒడిషా, బీహారుల నుండి పొట్టకూటికై వచ్చిన కూలీలు చిన్నచిన్న గదులలో గుంపులుగా గాపురముందురు. వారు తిని మిగిల్చినది గోడవెనుక బడును. ఆ మెతుకులను నమ్ముకొని కుక్కలు బ్రదుకుచుండును. రాత్రివేళ లారీల క్రిందబడి కాళ్లు విరుగగొట్టుకొనునవియు నవియే.

మేము వెళ్లిన మూడవనాడు సాయంకాలము చెల్లెలి కొడుకు, ఎనిమిదేండ్లవాడు, పిక్కపై రక్తముతో నేడ్చుచు వచ్చెను. కుక్క కఱచినది. పొరుగావిడ పసుపును, కారమును దెచ్చెను. చెల్లెలు వానిని దీసికొనక, పిల్లవానిని కుళాయి క్రింద నిలిపి, సబ్బుతో పదునైదు నిమిషములు గడియారము చూచుకొని మఱీ కడిగెను. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు బోతిమి. భుజమునకు టీకా వేసిరి. రక్తము వచ్చిన గాయము గనుక గాయము చుట్టును మఱియొక మందు నెక్కించిరి. రూకయైనను దీసికొనలేదు. నా చిన్నతనమున బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మా నాయనమ్మ చెప్పి భయపెట్టెడిది. ఆ పద్ధతి యిప్పుడు లేదు.

ఆ రాత్రి వీధివారందఱు గుమిగూడి, అన్నములో విషము గలిపి కుక్కలన్నిటికి బెట్టవలె ననిరి. దాచనేల, నేనును తలయూచితిని. నాకు కుక్కలన్న మొదటినుండియు భయము.

మఱునాటి యుదయమున ఊరి పొలిమేరలోనున్న కుక్కల సంరక్షణశాల నుండి ఒక పనియావిడ వచ్చెను. కఱచిన కుక్కను వెదకి, పాత లారీ క్రింద దానిని జూపి, "అమ్మా, ఇది పిచ్చిది గాదు. పిల్లల్ని పెట్టింది. బాబు పిల్లను పట్టుకోవొయ్యిండు. తల్లి గదా, కరిచింది" అనెను. దానిని పదిదినములు కనిపెట్టి చూడవలెనట. పిచ్చి పట్టిన కుక్క యైనచో ఆ పదిదినములలోనే తెలిసిపోవును. తల్లిని పిల్లలతో గూడ బండిలో నెక్కించుకొని పోయిరి. కుక్క క్షేమముగా నున్నదో లేదో తెలిసికొని వచ్చుట నాకు వంతు వచ్చెను. ఒకనాడు పోయినదానను, మూడువారములు ప్రతిదినము పోయితిని.

ఆ శాల యనగా రేకుల కప్పు, ఇనుపతడికల గదులు, ఒక నీళ్లతొట్టి, ఒక వేపచెట్టు, అంతే. కుక్కలను ముట్టవలె నన్నచో ముందుగా మనము టీకా వేయించుకొనవలెను గనుక తొలిదినములలో నాకు వంటపని యిచ్చిరి. బియ్యము, గుమ్మడికాయ, క్యారెట్టు కలిపి పెద్దడేగిసాలో నుడికించితిని. ఉల్లిపాయ కుక్కలకు విషమువంటిదని యప్పుడే తెలిసినది. ఇంటిలో మిగిలిన పులుసన్నమును నేనెన్ని కుక్కలకు బెట్టితినో! మాంసము గలుపుట వేఱొకరి పని. గోనెపట్టలు ఉతికి ఆరవేయుట నా పని. భయము నొకనాటితో విడువలేదు. తడికకు ఈవల నిలిచి పళ్లెమును కఱ్ఱతో లోనికి ద్రోసెడిదానను.

రెండవ వారమున నొక తెల్లవారుజామున తలుపు కడ ఒక గోనెసంచి కనబడెను. మూతి త్రాటితో బిగించి యుండెను. విప్పగా ఆఱు కుక్కపిల్లలు, కన్నులైన దెఱవలేదు, ఒకటి అప్పటికే చల్లబడినది. పనియావిడ నిట్టూర్చి, "వారానికి ఒకటి రెండు సంచులు ఇట్లనే వస్తయమ్మా. దయ్యాలు దేవు గదా, మనలాంటి ఇండ్లనుంచే వస్తయి" అనెను.

సోదరీమణులారా, ఆ సంచి నేను గట్టినదే యన్నట్లు నా చేతులు వణకినవి. మూడేండ్ల క్రిందట కార్తికమాసమున మా అరుగు క్రింద ఒక కుక్క యీనెను. నా కూతురు పసిది. భయపడి, మావారు బడికి బోయిన వేళ, పాలకుఱ్ఱవానికి ఇరువది రూపాయలిచ్చి పిల్లలను సంచిలో గట్టించి కాలువ యవతల విడిపించితిని. తల్లి నాలుగు రాత్రులు ఇంటిచుట్టు తిరిగి యేడ్చినది. మావారడుగగా ఎవరో పెంచుకొనుటకు దీసికొనిపోయిరని బొంకితిని. ఆ మఱునాడు ఆ తల్లికి గేటువద్ద అన్నము వేసి, భూతయజ్ఞము చేసితినని మనస్సును సమాధానపఱచుకొంటిని.

ఆ దినమునకు నా టీకాలు పూర్తియైనవి. పిల్లలకు పాలు పట్టెదనని నేనే యడిగితిని. ఆవుపాలు వానికి సరిపడవు. వేఱుగా పాలపొడి యున్నది. రెండుమూడు గంటల కొకసారి చిన్నగొట్టముతో పట్టవలెను. వేడినీళ్ల సీసా ప్రక్కనుంచి వెచ్చగా నుంచవలెను. తల్లి నాలుకతో చేయు పనియంతయు తడిబట్టతో మనము చేయవలెను. ఎంత చేసినను మూడు పోయినవి, రెండు నిలిచినవి. తల్లి చేయు పని మనుష్యులు పదిమంది చేసినను ఫలమంతయే యని తెలిసినది.

ఆ రాత్రి మావారితో పాతమాట చెప్పివేసితిని. వారు చాలసేపటికి, "భారతకథ మొదలగునది ఒక కుక్క తల్లితోనే గదా! నా బిడ్డ చేసిన తప్పేమని సరమ యడిగినప్పుడు బదులు చెప్పలేనివారు జనమేజయుని తమ్ములే యనుకొంటిని" అనిరి. మా తండ్రిగారు నాకు ఆదిపర్వము చెప్పినప్పుడు ఆ కథను వల్లించితిని. అర్థము జిన్నారములో దెలిసినది.

అట్లని కుక్కకాటు భయము వట్టిదని నేననను. పిచ్చికుక్క కాటు వలన వ్యాధిలక్షణములు బయలుపడిన పిమ్మట బ్రదికినవారు లేరనియే చెప్పవచ్చును. ఫ్రాన్సుదేశమున పాస్టరు పండితుడు 1885లో టీకా కనుగొన్నను, దక్షిణదేశమున కూనూరులో 1907లోనే పాస్టరు సంస్థ వెలసినను, నేటికిని మన దేశమున ఏటేట వేలమంది, అందు పిల్లలే పెక్కుమంది, దీనిచే మరణించుచున్నారు. తిట్టుదుమను భయముచే పిల్లలు కాటును దాచుదురు. దాచవలదని వారికి ముందే చెప్పియుంచుడు. ఆకుపసరులు, సున్నము పూయవలదు. చెప్పిన టీకాలన్నియు కడవఱకు వేయింపుడు.

విషము దీనికి మందు గాదు. ఒకచోటి కుక్కలను జంపిన, కూడున్నంతవఱకు వేఱుకుక్కలు వచ్చి చేరును. ఆడుకుక్క రెండునెలలు మోసి, ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క టీకా వేసి, గుర్తుగా చెవికొన కొంచెము కత్తిరించి, పట్టినచోటనే విడుచుట సరియైన త్రోవ. 1959లో మదరాసున నెలకొన్న బ్లూక్రాసు సంఘము ఈ త్రోవను జూపినది. 2001లో దీనికి ప్రభుత్వ నిబంధనలు వచ్చినవి. 2023లో క్రొత్తవి వచ్చినవి. మన హైదరాబాదులో బ్లూక్రాసును 1992లో స్థాపించినది స్త్రీయే, అక్కినేని అమలగారు. జంతుహింసను మాన్పు చట్టమునకై 1953లో రాజ్యసభలో బిల్లు దెచ్చి, 1960 నాటి చట్టమునకు కారణమైనదియు స్త్రీయే, నాట్యకళాకోవిద రుక్మిణీదేవి అరండేలుగారు. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి వారే తొలి అధ్యక్షురాలు.

పదిదినములు గడచినవి. లారీ క్రింది తల్లి క్షేమముగనే యుండెను. ఐనను మా పిల్లవానికి టీకాలు మానలేదు. మేము తిరిగివచ్చిన రెండునెలలకు చెల్లెలు ఫోనులో చెప్పినది: దాని పిల్లలను ఇద్దఱు కూలీలును ఒక కావలివాడును పెంచుకొనిరట, తల్లి చెవికొన తెగి, అదే వీధికి వచ్చినదట. విషము పెట్టుదమన్నవారిలో నొకరు దానికి నీళ్లతొట్టి పెట్టించిరట.

గృహస్థునకు విధించిన పంచయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. గేటు సందునుండి మెతుకులు విసరి తలుపు వేసికొనుటతో అది తీరిపోవునని నేననుకొంటిని. పెట్టిన చేయియే టీకా వేయింపవలెను. ఎంగిలి వీధిలో గుప్పలు పడకుండ జూడవలెను. కుక్కపిల్లలను సంచిలో గట్టక, తల్లిని వైద్యుని కడకు జేర్పవలెను.

మా వీధిలో ఆ తల్లి యింకను నున్నది. ముదుసలియైనది. గడచిన నెలలో మావారును నేనును దానిని బండిలో పశువైద్యశాలకు దీసికొనిపోతిమి. బండి యెక్కించునపుడు అది నా చేతిని వాసన చూచి ఊరకుండెను. అది నన్ను గుర్తింపలేదని నేననుకొనను.