రేషన్ షాపు జవాబు

పోయిన ఆదివారం రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. బి.ఎడ్. చదువుతోంది లెండి. "అత్తయ్యా, రేపు నా పాఠం చూడ్డానికి మా మేడమ్ వస్తారట. పొద్దుట్నించీ అన్నం దిగడం లేదు. నేనీ పనికి పనికిరానేమో!" అంది.

"ఓస్, ఇంతేనా! ధైర్యంగా చెప్పెయ్" అనబోయి ఆగాను. 1982లో నాతో అందరూ అన్నదీ అదే మరి. ఆ మాట విన్నప్పుడల్లా ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయేది.

అప్పట్లో బి.ఎడ్. ఒక్క ఏడాదే. రెండు సబ్జెక్టులకీ కలిపి 40 పాఠాలు చెప్పాలి. రాత్రి పన్నెండింటిదాకా పాఠ్యపథకాలు రాయడం, చార్టులు గీయడం, తెల్లారగానే గంజి పెట్టిన చీరకి అరడజను పిన్నీసులు గుచ్చుకుని, రోలప్ బోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కడం. (పిన్నీసుల మీది శ్రద్ధ పాఠం మీద పెట్టమనేది మా అమ్మ. కుచ్చిళ్లు జారితే ఎనిమిదో తరగతి ఏం చేస్తుందో ఆవిడకేం తెలుసు!)

మొదటి పాఠం మొక్కలు ఆహారం తయారుచేసుకోవడం గురించి. "మన ఇంట్లోకి బియ్యం ఎక్కణ్ణించి వస్తాయి?" అని ఉన్ముఖీకరణ ప్రశ్న వేశాను. నా పథకంలో జవాబు "మొక్కల నుంచి". ముందు బెంచీ పిల్ల లేచి, "రేషన్ షాపు నించి టీచర్" అంది. క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో మా లెక్చరరుగారు ఎర్రసిరా కలం మూత తీశారు. అంతే, నా గొంతు పూడుకుపోయింది. గంట కొట్టేదాకా నల్లబల్లతోనే మాట్లాడాను.

రికార్డులో ఆవిడ రాసింది రెండే మాటలు: "గొంతు లేదు." నాలుగు రోజులు కడుపునొప్పని ఇంట్లో పడుకున్నాను. నొప్పి అబద్ధం కాదండోయ్, నిజంగానే వచ్చింది.

అయిదో రోజు స్నేహితురాలొకతె వచ్చి, "పిచ్చిదానా, రేషన్ షాపుకి ఎక్కణ్ణించి వచ్చాయని అడిగితే పోయేది కదుటే!" అంది. నన్ను తన క్లాసులో కూర్చోబెట్టుకుంది. దానికీ వంకర జవాబులే వచ్చాయి. నవ్వేసి, వాటినే పట్టుకుని పాఠంలోకి వెళ్లింది. మర్నాడు నేనూ అలాగే చేసి గట్టెక్కాను.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఇదే చెప్పాడని చాలా ఏళ్లకి చదివాను. నేను చేయగలనన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందిట: స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, పక్కవాళ్లు చెప్పే మాట, మన ఒంటి తీరు. వీటిలో మొదటిదే గట్టిదట. మరి ఉత్త మాటనే అందరూ ఎందుకు పంచిపెడతారో! ఖర్చు లేదు కనక కాబోలు.

2015 నుంచి బి.ఎడ్. రెండేళ్లయింది. బళ్లో 20 వారాలు ఉండాలి. పడి లేవడానికి వీళ్లకి కాస్త వ్యవధి ఉంది, నయం.

పిల్లకి రేషన్ షాపు కథ చెప్పాను. పకపకా నవ్వింది. "ఇంత పెరుగన్నం తిని పడుకో" అన్నాను.

సోమవారం సాయంత్రం మళ్లీ ఫోను. "అత్తయ్యా, నాకూ ఒక రేషన్ షాపు తగిలింది!"

"ఏం చేశావే?"

"దాన్నే బోర్డు మీద రాసి, అందరినీ అడిగాను."

"మీ మేడమ్ ఏం రాశారు?"

"ఇంకా చూడలేదు. ఆకలి దంచేస్తోంది, తిన్నాక చూస్తా" అని పెట్టేసింది.